చంద్రుడి మీద మనవరాలు, కృష్ణలంకలో అమ్మమ్మ: నాటికలో హోలోగ్రామ్ సంభాషణను వేదికపై చూపడం ఎలా?

మీరు రాసుకున్న సైన్స్ ఫిక్షన్ నాటికలో, చంద్రుడి మీద పనిచేస్తున్న మనవరాలు విజయవాడ కృష్ణలంకలోని అమ్మమ్మ గదిలో కాంతిరూపంగా ప్రత్యక్షమై మాట్లాడాలనుకోండి. ఈ ఘట్టం చదవగానే దర్శకుడికి మొదట తట్టేది ప్రొజెక్టరు. వెనక తెర మీద అమ్మాయి వీడియో వేసి, ముందు అమ్మమ్మను కూర్చోబెడితే సరిపోతుందనిపిస్తుంది. అలా చేసినప్పుడు ప్రేక్షకుడికి కనిపించేది గోడ మీద బొమ్మ మాత్రమే; అమ్మాయి ఆ గదిలోకి వచ్చినట్టు ఉండదు, అమ్మమ్మ చెయ్యి ఆమె చెంపను దాటుకుని పోవడమూ ఉండదు. గాజులా కనిపించే పారదర్శకమైన ప్లాస్టిక్, అంటే అక్రిలిక్ షీటు ఒకటి, నల్లగుడ్డ కప్పిన చిన్న అర, మూడు లైట్లు, ఓపికగా తీసుకునే కొలతలు ఉంటే, సాక్షాత్తూ నటినే గది మధ్యలో కాంతిరూపంగా నిలబెట్టవచ్చు. విజయవాడలో తుమ్మలపల్లి కళాక్షేత్రం వంటి పెద్ద వేదికైనా, గుంటూరులో వేంకటేశ్వర విజ్ఞాన మందిరమైనా, మీ కళాశాల సెమినార్ హాలైనా పద్ధతి ఒకటే, కొలతలే మారతాయి.

ముందుగా ఒక సంగతి స్పష్టం చేసుకోవాలి. భౌతికశాస్త్రంలో హోలోగ్రామ్ అనేది వస్తువు నుంచి వచ్చిన కాంతి తరంగాల తీరును ఒక ఫలకం మీద నమోదు చేసే పద్ధతి. డెనిస్ గాబర్ 1947లో దీన్ని కనిపెట్టాడు, 1960లో లేజర్ వచ్చాక అది నిజంగా పనికివచ్చింది, 1971లో ఆయనకు నోబెల్ బహుమతి తెచ్చిపెట్టింది. ఆ బొమ్మను ఆ ఫలకం గుండానే చూడాలి. కాబట్టి వేదిక మధ్యకు నడిచివచ్చి కబుర్లు చెప్పే మనిషిని దానితో చూపలేము. వేదికల మీద హోలోగ్రామ్ పేరిట ఇప్పుడు చూపుతున్నవాటిలో ఎక్కువ భాగం అంతకంటే పాత విద్య. 1862 డిసెంబరు 24న లండన్‌లోని రాయల్ పాలిటెక్నిక్ సంస్థలో జాన్ హెన్రీ పెప్పర్ ఒక పెద్ద గాజుపలకను ఏటవాలుగా నిలిపి, దాగి ఉన్న నటుడి ప్రతిబింబాన్ని వేదిక మీద దెయ్యంగా చూపాడు. 2012 గుజరాత్ ఎన్నికల సభల్లో నరేంద్ర మోదీ ఒకేసారి అనేక చోట్ల కనిపించింది కూడా ఈ సూత్రం మీదనే, గాజుకు బదులుగా పలుచని పారదర్శక ఫిల్మ్‌తో. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలై, మాయలనూ మంత్రాలనూ వేదిక మీదే కళ్లకు కట్టిన సురభి నాటక సమాజం మనకు ఉండగా, ఈ పని మనవాళ్లకు కొత్తగా తోచనవసరం లేదు.

మొదటి పని: మీ ఊహాలోకానికి నియమాలు రాసుకోండి

షీటు కొనడానికి వెళ్లకముందే కాగితం, కలం తీసుకోండి. ఈ పనిలో నేను అన్నింటికంటే ముఖ్యమని నమ్మేది ఇదే: అద్దంలా పనిచేసే ఈ షీటుకు ఉన్న పరిమితులనే మీ కథాలోకపు నియమాలుగా మార్చుకోవాలి. అద్దంలో బొమ్మ చీకట్లోనే బాగా కనిపిస్తుంది. కాబట్టి మీ కథలో హోలోగ్రామ్ సంభాషణకు గది చీకటిగా ఉండాలి, పిలుపు రాగానే అమ్మమ్మ లేచి ట్యూబ్‌లైట్ తీసేయాలి. అద్దం వెడల్పు దాటితే బొమ్మ తెగిపోతుంది; కాబట్టి మీ కథలోని యంత్రం రెండున్నర అడుగుల మేరకే మనిషిని పట్టగలదు, మనవరాలు చెయ్యి బారచాపితే వేళ్లు మాయమవుతాయి. బొమ్మ ముందువైపు నుంచే కనిపిస్తుంది. కాబట్టి ఇంటికి వచ్చిన పక్కింటివాళ్లు ఒకే వైపు వరుసగా కూర్చోవలసిందే. దెయ్యాన్ని చూపిన పెప్పర్‌కు గాజును ఎవరికంటా పడకుండా దాచవలసిన కష్టం ఉండేది. మీకు ఆ అవసరం లేదు, ఎందుకంటే అక్రిలిక్ షీటూ దాని ఇనుప చట్రమూ కథలో అమ్మమ్మ ఇంట్లో బిగించిన యంత్రంగానే కనిపిస్తాయి.

కాంతి వేగం మీకు ఇంకొక నియమాన్ని ఇస్తుంది, నాటకానికి అది వరం వంటిది. చంద్రుడు సగటున 3,84,400 కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్ల వేగంతో వెళ్లే సంకేతం అక్కడికి చేరడానికి 1.28 సెకన్లు, జవాబు తిరిగి రావడానికి మరో 1.28 సెకన్లు పడుతుంది. అంటే అమ్మమ్మ అడిగిన ప్రశ్నకు జవాబు ఎంత తొందరగా వచ్చినా రెండున్నర సెకన్ల తరువాతే వస్తుంది. పాత్రను అంగారకుడి మీదికి పంపాలని ఉబలాటపడకండి. ఆ గ్రహం భూమికి బాగా దగ్గరగా వచ్చినప్పుడు కూడా సంకేతం చేరడానికి సుమారు 3 నిమిషాలు, దూరంగా ఉన్నప్పుడు 22 నిమిషాలు పడుతుంది కనుక అక్కడి నుంచి ముందే పలికి పంపిన సందేశమే తప్ప సంభాషణ ఉండదు. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగిన దక్షిణ ధ్రువ ప్రాంతంలో మీ మనవరాలి స్థావరాన్ని పెట్టుకుంటే, ఆ పేరు వినగానే ప్రేక్షకులకు స్థలం గుర్తుకు వస్తుంది. చంద్రుడి ఒక ముఖమే ఎప్పుడూ మనవైపు ఉంటుంది కాబట్టి అక్కడి నుంచి భూమికి సూటి దారి కూడా దొరుకుతుంది.

అమ్మమ్మ ఇంటి మీది యాంటెనా నేరుగా చంద్రుడితోనే మాట్లాడుతుందని మరో నియమం పెట్టుకోండి. అప్పుడు చంద్రుడు ఆకాశంలో ఉన్న వేళల్లోనే పిలుపు కలుస్తుంది. చంద్రోదయం రోజుకు సగటున 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. పౌర్ణమినాడు రాత్రంతా మాట్లాడుకోవచ్చు. శుక్ల అష్టమినాడు చంద్రుడు మధ్యాహ్నానికి ఉదయించి అర్ధరాత్రికి అస్తమిస్తాడు, బహుళ అష్టమినాడు అర్ధరాత్రి దాటితే గాని రాడు. అమావాస్యనాడు సూర్యుడితో కలిసి పగలే తిరుగుతాడు కనుక ఆ రోజు మాట్లాడాలంటే కిటికీలకు దుప్పట్లు కట్టి గదిని చీకటి చేసుకోవాలి. ఈ ఒక్క నియమంతో అమ్మమ్మ చేతికి పంచాంగం వస్తుంది. తిథి చూసుకుని, వంట ముగించుకుని, మనవరాలి కోసం ఎదురుచూసే మనిషిగా ఆమె పాత్ర మొదటి రంగంలోనే నిలబడుతుంది. ఇంతకు మించిన సాంకేతిక వివరణ సంభాషణల్లో పెట్టవద్దని నా సలహా.

షీటు, చట్రం

దుకాణాల్లో అక్రిలిక్ షీటు సాధారణంగా 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పుతో దొరుకుతుంది. రంగులేని, మెరుపు పూత లేని 5 మిల్లీమీటర్ల మందం గలదాన్ని తీసుకోండి. అది దాదాపు 18 కిలోల బరువుంటుంది. అదే కొలత గల గాజు దానికి రెట్టింపు బరువు తూగడమే గాక, పగిలితే నటుల మీద పడే ప్రమాదం ఉంది కనుక గాజు జోలికి పోవద్దు. 3 మిల్లీమీటర్ల షీటు చవకే గాని నిలబెట్టగానే విల్లులా వంగుతుంది, వంగిన షీటులో ముఖం సాగిపోతుంది. పలుచని ఫిల్మ్‌ను బిగించి కట్టే పద్ధతి పెద్ద సంస్థలకు నప్పుతుంది. మన హాళ్లలో ఫ్యాన్ల గాలికి, కూలర్ల గాలికి ఆ ఫిల్మ్ వణికి, బొమ్మ మొత్తం నీటిమీద నీడలా కదులుతుంది.

షీటుకు ముందొకటి, వెనకొకటి రెండు తలాలు ఉంటాయి, రెండూ కాంతిని తిప్పి పంపుతాయి. అందువల్ల 5 మిల్లీమీటర్ల షీటును 45 డిగ్రీల కోణంలో పెట్టినప్పుడు ఒక బొమ్మ పక్కనే సుమారు 4 మిల్లీమీటర్ల ఎడంతో మరో మసక బొమ్మ వస్తుంది. ముప్పై అడుగుల దూరంలో కూర్చున్నవారికి ఇది పట్టింపుకు రాదు.

చట్రాన్ని చదరపు ఇనుప పైపుతో చేయించండి. ఆటోనగర్‌లో వెల్డింగ్ పనివారికి కొలతలు రాసిస్తే అర్థమయ్యే పనే ఇది. అయితే షీటును చట్రంలో బిగదీసి కూర్చోబెట్టనివ్వకండి. అక్రిలిక్ వేడికి బాగా సాగుతుంది: ఉష్ణోగ్రత 15 డిగ్రీలు పెరిగితే 8 అడుగుల పొడవులో దాదాపు రెండున్నర మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఎండాకాలం మధ్యాహ్నం లారీలో వచ్చిన షీటు, సాయంత్రం ఏసీ హాలులో అదే కొలతలో ఉండదు. పైన 4 మిల్లీమీటర్ల ఖాళీ వదిలి, అంచులకు రబ్బరు పట్టీ వేయించండి. చట్రం పాదాలు వెడల్పుగా ఉండాలి, ఒక్కో పాదం మీద ఇసుక బస్తా వేయాలి. మనుషులు చీకట్లో దీని పక్క నుంచే తిరుగుతారు కాబట్టి ఈ విషయంలో ఎటువంటి రాజీ పనికిరాదు.

షీటును నిలబెట్టడం, ప్రమిదతో సరిచూడడం

మనవరాలి పాత్రధారిణి దాగి ఉండే అర వేదికకు కుడి పక్కనో ఎడమ పక్కనో వింగ్ (పక్క తెర) చాటున ఉంటుంది. షీటును నిలువుగా, ప్రేక్షకులకూ ఆ అరకూ సరిగ్గా మధ్యస్థంగా 45 డిగ్రీల కోణంలో నిలపండి. దాని ముఖం సగం ప్రేక్షకుల వైపు, సగం అర వైపు తిరిగి ఉండాలి; అంటే అరకు దగ్గరగా ఉన్న అంచు వేదిక లోపలికి, దూరంగా ఉన్న అంచు ప్రేక్షకుల వైపుకు వస్తుంది. ఇలా తిప్పినప్పుడు 4 అడుగుల షీటు ప్రేక్షకులకు 34 అంగుళాల కిటికీగానే కనిపిస్తుంది. నిలబడిన ఒక మనిషికి అది చాలు.

అద్దం ముందు వస్తువు ఎంత దూరంలో ఉంటే, బొమ్మ అద్దం వెనక అంతే దూరంలో ఉన్నట్టు కనిపిస్తుంది. పదో తరగతిలో చదువుకున్న ఈ సంగతి మీదే మొత్తం దృశ్యం ఆధారపడి ఉంది. నటి షీటుకు రెండు అడుగుల దూరంలో నిలబడితే, షీటు వెనక రెండు అడుగుల దూరంలో ఒక పీఠం ఉండాలి. బొమ్మ పాదాలు సరిగ్గా ఆ పీఠం మీద ఆనినట్టు కనిపించాలి. పీఠం అరడుగు ముందుకో వెనక్కో జరిగినా, మధ్య వరుసవాళ్లకు సరిగానే ఉంటుంది గాని చివరి కుర్చీల వాళ్లకు అమ్మాయి పీఠం పక్కన గాలిలో వేలాడుతుంది.

సరిచూడడానికి రెండు ప్రమిదలు తెచ్చుకోండి. నటి నిలబడే చోట ఒకదాన్ని వెలిగించి పెట్టండి. షీటు వెనక వెలిగించని ప్రమిదను పెట్టి, హాలు లైట్లు తీసేసి, ముందు వరుస మధ్య కుర్చీలో కూర్చోండి. వెలగని ప్రమిద మీద జ్వాల నిలిచినట్టు కనిపించేదాకా లోపలి మనిషి చేత దాన్ని జరిపించండి. తరువాత ఎడమ చివరి కుర్చీకీ, ఆపైన కుడి చివరి కుర్చీకీ వెళ్లి చూడండి. జ్వాల వత్తిని వదిలి పక్కకు జరుగుతున్నట్టు అనిపిస్తే ప్రమిదను ఇంకా ముందుకో వెనక్కో జరపాలి. ఏ కుర్చీ నుంచి చూసినా జ్వాల వత్తి మీదే ఉన్న చోటు దొరికాక, రెండు ప్రమిదల కిందా ముగ్గుపిండితో గుర్తు పెట్టి, దాని మీద టేపు అంటించండి. దీపాన్ని నల్లగుడ్డలకు దూరంగా ఉంచి, పని కాగానే ఆర్పేయండి.

నటిని షీటుకు వీలైనంత దగ్గరగా నిలపడం మంచిది. ఆమె రెండు అడుగుల నుంచి నాలుగు అడుగుల దూరానికి వెళితే, బొమ్మ అంతే వెనక్కి పోయి, ఆ 34 అంగుళాల కిటికీ గుండా పూర్తి మనిషిని చూడగలిగే కుర్చీలు దాదాపు సగానికి పడిపోతాయి. అరకు ఎదురు వైపు చివరన కూర్చునేవారికే బొమ్మ ముందుగా తెగుతుంది, కాబట్టి అటువైపు కుర్చీలను ప్రత్యేకంగా చూసుకుని, కనిపించని కుర్చీలుంటే వాటిలో ఎవరినీ కూర్చోబెట్టకండి.

అర, వెలుగు, రంగు

అర మూడు వైపులా, కిందా నల్లగుడ్డ ఉండాలి. మామూలు నల్ల కాటన్ వెలుగు తగిలితే బూడిదరంగుగా తేలుతుంది. వెల్వెట్ ఖరీదైనా నిజమైన నలుపు దానిదే. వన్‌టౌన్ బట్టల దుకాణాల్లో తాను లెక్కన బేరమాడండి. నటికీ ప్రేక్షకులకూ మధ్య కూడా ఒక నల్లటి అడ్డు ఉండాలి, లేకపోతే పక్క కుర్చీల వాళ్లకు అసలు మనిషే కనిపిస్తుంది.

45 డిగ్రీల కోణంలో అక్రిలిక్ షీటు తన మీద పడ్డ కాంతిలో సుమారు పదో వంతును మాత్రమే తిప్పి పంపుతుంది. అందుచేత నటి మీద వెలుగు దండిగా ఉండాలి, అమ్మమ్మ గదిలో వెలుగు తక్కువగా ఉండాలి. నటికి రెండు పక్కల నుంచీ చెరొక ఎల్‌ఈడీ లైటు, వెనక పైనుంచి ఒకటి పెట్టండి. ఆ వెనక లైటును మానేస్తే నల్లని జుట్టు నల్లని గుడ్డలో కలిసిపోయి, నుదుటితోనే తల ఆగిపోయినట్టు కనిపిస్తుంది. దుస్తులు తెలుపో, లేత బూడిదరంగో, లేత పసుపో కావాలి. నల్లచొక్కా వేసుకున్న నటికి ఒంటి మీద చేతులూ ముఖమూ తప్ప ఏమీ మిగలవు.

హోలోగ్రామ్ అనగానే అందరూ నీలిరంగు ఫిల్టరు వేస్తారు. పూర్తి నీలం వేయవద్దని గట్టిగా చెబుతాను. నీలి వెలుగులో ఎర్రని కుంకుమబొట్టు నల్లగా మారుతుంది, పెదవులు చచ్చినట్టు ఉంటాయి. దూరాన ఉన్న బిడ్డను చూసి మురిసిపోవలసిన ప్రేక్షకురాలు అపశకునం చూసినట్టు ఉలిక్కిపడుతుంది. ముఖం మీద తెల్లని వెలుగునే ఉంచి, వెనక లైటుకు మాత్రం లేత నీలం వేస్తే భుజాల చుట్టూ సన్నని నీలిఅంచు వస్తుంది, మనిషి మాత్రం బతికే ఉంటుంది. బొమ్మ రావడం, పోవడం వెలుగును పెంచి తగ్గించే డిమ్మర్‌తో రెండు సెకన్లలో మెల్లగా జరగాలి. మాటిమాటికీ మినుకుమినుకుమనిపించే అలవాటు మానండి. సంకేతం తెగిపోతున్నదని కథ చెప్పినప్పుడే అది చెయ్యాలి. సాంబ్రాణి గాని, పొగ యంత్రం గాని వాడకండి, పొగలో లైటు దారి కనిపించి అర ఎక్కడుందో అందరికీ తెలిసిపోతుంది.

కుడి ఎడమల లెక్క

అద్దం కుడి ఎడమలను తారుమారు చేస్తుంది. దీన్ని మరచినవారిని మన ప్రేక్షకులు క్షణంలో పట్టేస్తారు. మనవరాలి చొక్కా మీద అంతరిక్ష సంస్థ పేరు ఉంటే అక్షరాలను తిరగేసి కుట్టించండి. చేతి గడియారం కుడి చేతికి పెట్టించండి. మరో రంగంలో అమ్మమ్మే చంద్రుడి మీద గదిలో ప్రత్యక్షమయ్యేటట్టు రాస్తే జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి: ఆమె పైటను కుడి భుజం మీద వేసుకోవాలి, అప్పుడే ప్రేక్షకులకు ఎడమ భుజం మీద కనిపిస్తుంది, ముక్కుపుడక వైపు మార్చాలి, అక్షింతలు వేసి దీవించేటప్పుడు ఎడమ చెయ్యి ఎత్తాలి. ఇవన్నీ నటికి మొదటి రిహార్సల్ నుంచే అలవాటు కావాలి, చివరి రోజున చెబితే చెయ్యి వినదు.

రెండున్నర సెకన్లను సాధన చేయడం

నాటికకు ప్రాణం ఇక్కడ ఉంది కనుక మీ రిహార్సల్ సమయంలో ఎక్కువ భాగాన్ని దీనికే కేటాయించండి. ప్రేక్షకులు కూర్చున్నది అమ్మమ్మ గదిలో. కాబట్టి ఆలస్యమంతా మనవరాలి వైపే పడుతుంది: అమ్మమ్మ ఎప్పుడూ వెంటనే జవాబు చెబుతుంది, మనవరాలు మాత్రం ప్రతి మాటకూ రెండున్నర సెకన్లు ఆగి స్పందిస్తుంది. ఆగవలసింది నోరు మాత్రమే కాదు. ప్రశ్న వినగానే కళ్లలో వచ్చే కదలిక కూడా అంత ఆలస్యంగానే రావాలి. అర లోపల ఉన్న నటికి అమ్మమ్మ మాట అప్పుడే వినిపిస్తుంది కాబట్టి ముఖాన్ని ఆపుకోవడం కష్టం. లాప్‌టాప్‌లో ధ్వనిని ఆలస్యంగా పంపే సాఫ్ట్‌వేర్ ద్వారా అమ్మమ్మ మైకు శబ్దాన్ని రెండున్నర సెకన్ల తరువాత నటి చెవులకు హెడ్‌ఫోన్‌లో చేరవేస్తే, ఆమె లెక్కపెట్టుకోనక్కరలేదు, విన్నది విన్నట్టు సహజంగా పలకవచ్చు. ఆ ఏర్పాటు కుదరనప్పుడు స్టాప్‌వాచ్‌తో సాధన చేయించండి.

సంభాషణను కూడా ఈ ఆలస్యానికి తగినట్టు రాయాలి. ఉదాహరణకు ఈ నాలుగు మాటలు చూడండి.

అమ్మమ్మ: నిద్ర పడుతోందా తల్లీ అక్కడ?

(మనవరాలు అలాగే చూస్తూ ఉంటుంది.)

అమ్మమ్మ: ఏమిటే, ఏడుస్తున్నావా?

మనవరాలు: ఆఁ, బాగానే అమ్మమ్మా.

(అమ్మమ్మ చేతిలో వత్తి ఆగిపోతుంది.)

మనవరాలు: ఏడవడమా? లేదు లేదు, నిద్ర సంగతి చెబుతున్నా.

మొదటి ప్రశ్నకు చెప్పిన జవాబు రెండో ప్రశ్న మీద వచ్చి పడింది. ఓపిక పట్టలేని ప్రేమ, దాటరాని దూరం రెండూ ఏ వివరణా లేకుండానే ప్రేక్షకుడికి అందాయి. ఇటువంటి చోట్లు నాటికలో రెండు మూడుకు మించి పెట్టకండి. మిగిలిన నిశ్శబ్దాలను అమ్మమ్మ చేతులు నింపాలి. ఆమెకు పత్తితో వత్తులు చేసే పని ఇవ్వండి. మసక వెలుగులో, చూపు బొమ్మ మీదే ఉంచి కూడా చేయగలిగిన పని అది. నిడివి లెక్క కూడా చూసుకోండి: నలభై సార్లు మనవరాలు జవాబు చెబితే 100 సెకన్లు మౌనానికే పోతాయి, నాటక పరిషత్తు పోటీలో సమయపు హద్దు ఉన్న నాటికకు అది చిన్న మొత్తం కాదు.

అమ్మమ్మ పాత్రధారిణి కూర్చునేది షీటు వెనక, పీఠం పక్కన. అక్కడి నుంచి ఆమెకు బొమ్మ కనిపించదు, ఖాళీ పీఠమే కనిపిస్తుంది. కాబట్టి పీఠం వెనక గుడ్డ మీద, మనవరాలి కళ్ల ఎత్తున చిన్న రేడియం స్టిక్కరు అంటించి, చూపు దాని మీద నిలపమనండి. అర లోపల మనవరాలికి కూడా అలాంటి గుర్తు కావాలి. దాని స్థానాన్ని మాత్రం మీరు హాలులో కూర్చుని, ఇద్దరి చూపులూ కలిసినట్టు కనిపించేదాకా అరిచి చెబుతూ జరిపించాలి. అమ్మమ్మ చెయ్యి చాచి మనవరాలి చెంపను తాకబోయే ఘట్టానికి, చెయ్యి ఎక్కడ ఆగాలో ఆమెకు కండరాల జ్ఞాపకంగా నిలిచిపోయేదాకా అభ్యాసం చేయించండి. ఆ చెయ్యి బొమ్మ గుండా వెళ్లి ఖాళీగా వెనక్కి వచ్చినప్పుడు హాలులో ఎవరూ దగ్గరు కూడా.

మనవరాలి గొంతు హాలు స్పీకర్ల నుంచి రాకూడదు. పీఠం వెనక ఒక చిన్న స్పీకరు దాచి, అందులో నుంచే వినిపించండి. అప్పుడు మాట, మనిషి ఒకే చోట ఉంటాయి.

టీవీతో చిన్న బొమ్మ

పాఠశాల సైన్స్ ప్రదర్శనకు గాని, తరగతి గదికి గాని ఇంత పెద్ద ఏర్పాటు అక్కరలేదు. 32 అంగుళాల టీవీని బల్ల మీద వెల్లకిలా, నిలువుగా పరచండి. 40 అంగుళాల పొడవు, 18 అంగుళాల వెడల్పు, 2 మిల్లీమీటర్ల మందం గల షీటు కింది అంచును టీవీ వెనక అంచు దగ్గర ఆనించి, పై అంచు చూసేవారి వైపు వాలేటట్టు 45 డిగ్రీల కోణంలో బిగించండి. వీడియోలో మనిషి తల చూసేవారి వైపు ఉండాలి, నేపథ్యం పూర్తిగా నల్లగా ఉండాలి, బొమ్మను ముందే కుడి ఎడమలు తిరగేసి ఉంచాలి. టీవీ తెర నేరుగా కనిపించకుండా ముందు ఒక అట్ట అడ్డుపెట్టండి. ఎల్‌సీడీ టీవీ నుంచి వచ్చే కాంతి ఒక దిశలోనే కంపిస్తుంది కనుక, టీవీని ఒకలా పెడితే ప్రతిబింబం వెలుగుతుంది, మరోలా పెడితే వెలవెలబోతుంది. షీటు కోయించకముందే చిన్న ముక్కను ఏటవాలుగా పట్టుకుని టీవీని రెండు తీరులా తిప్పి చూసుకోండి.

శుభ్రత, సర్దడం

షీటు మీది రక్షణ కాగితాన్ని వేదిక మీద నిలబెట్టాకే ఊడదీయండి. ఊడదీయగానే అది దుమ్మును లాక్కుంటుంది. పొడిగుడ్డతో తుడిస్తే గీతలు పడి, లైటు వేయగానే ప్రతి గీతా వెలుగుతుంది. నీటిలో రెండు చుక్కల సబ్బు ద్రవం వేసి, మెత్తని మైక్రోఫైబర్ గుడ్డను తడిపి, ఒకే దిశలో తుడవండి. గాజు తుడిచే స్ప్రేలు, స్పిరిట్, శానిటైజర్ తగిలితే అక్రిలిక్ సన్నగా చిట్లుతుంది, ఆ మచ్చ మళ్లీ పోదు. ప్రదర్శన అయ్యాక షీటుకు రెండు వైపులా పాత దుప్పటి చుట్టి, వెనక ప్లైవుడ్ పలక ఆసరా పెట్టి, నిలువుగా తాళ్లతో కట్టి ట్రాలీ ఆటోలో ఎక్కించండి. పగలు ఎండలో పడుకోబెట్టి తీసుకువెళితే వంగిపోతుంది కనుక రాత్రికి రాత్రే తరలించి, గోడకు ఏటవాలుగా ఆనించకుండా, నీడపట్టున నిటారుగా నిలిపి ఉంచండి.